పలుచటి ఆక్సైడ్ పొర మీద నీరు, మంచు: అనంతపురం ల్యాబ్‌లో చేసిన తీరు

అల్యూమినియం మీదో టైటానియం మీదో ఉండే పలుచటి ఆక్సైడ్ పొర నీటిని ఎలా పట్టుకుంటుంది, ఆ నీరు ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది అని కొలవడానికి కూర్చుంటే ముందుగా కొలతకు చిక్కేది ఆక్సైడ్ కాదు. దాని మీద చేరిన జిడ్డు, గాల్లోంచి రాలిన దుమ్ము, నీళ్లలోని నలక. ఈ మూడింటినీ తప్పించడమే పనిలో ముప్పాతిక వంతు. చల్లబరచడం మిగతా పావు వంతు. అనంతపురంలో పీజీ ఫిజిక్స్ ల్యాబులో ఉండే సామానుకు బజార్లో దొరికే నాలుగు వస్తువులు కలిపి మేం ఈ పని చేసిన తీరు కింద రాస్తున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇది సరిపోతుంది.

ముందు హద్దు చెప్పుకోవాలి. నీటి అణువు ఒక్కొక్కటీ ఆక్సైడ్ మీద ఎక్కడ కూర్చుంటుందో చూసే ప్రయోగాలు వేరు. వాటికి 10 మైనస్ 10 మిల్లీబార్ స్థాయి శూన్యం, 100 కెల్విన్ దగ్గర ఉంచిన ఏకస్ఫటికం కావాలి. నీటి ఆవిరిని పొరలెక్కన వదిలి, తర్వాత మెల్లగా వేడి చేస్తూ ఏ ఉష్ణోగ్రతకు ఎంత నీరు లేచిపోయిందో మాస్ స్పెక్ట్రోమీటరుతో చూస్తారు. టైటానియం డయాక్సైడ్ స్ఫటికంలో 110 అనే ముఖం మీద, టైటానియం అణువులకు నేరుగా పట్టుకున్న మొదటి పొర దాదాపు 270 కెల్విన్ దాకా కదలదు. దాని పైన పేరుకున్న మంచు 160 కెల్విన్ లోపలే లేచిపోతుంది. అంటే మొదటి పొరను ఆక్సైడ్ పట్టుకుంటుంది, పై పొరలను నీరే పట్టుకుంటుంది. ఆక్సిజన్ అణువు ఊడిపోయిన ఖాళీ దగ్గరకు నీరు వస్తే అది అణువుగా నిలవదు, విడిపోయి రెండు హైడ్రాక్సిల్ గుంపులుగా (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జంటలుగా) మారుతుంది. 130 కెల్విన్ కంటే చల్లగా ఉన్న తలం మీద ఆవిరి పడితే స్ఫటికం కట్టదు, గాజులాంటి రూపంలేని మంచు అవుతుంది. దాన్ని 140 నుంచి 160 కెల్విన్ మధ్యకు వేడి చేస్తే స్ఫటికంగా సర్దుకుంటుంది.

మన గదిలో, మన గాల్లో, ఆ మొదటి పొర ఎప్పుడో పూర్తయిపోయింది. రేకు గాలి తగిలిన క్షణంలోనే హైడ్రాక్సిల్ పొర కట్టేసుకుంటుంది. మామూలు ఎండబెట్టడానికి అది పోదు, వందల డిగ్రీలు వేడి చేయాలి. కాబట్టి మేం కొలిచే అధిశోషణం (తలం మీద నీరు అంటుకుని చేరడం) అంతా ఆ హైడ్రాక్సిల్ పొర మీద చేరే నీటిదే. ఈ ముక్క ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలి. లేకపోతే వైవాలో అడిగే మొదటి ప్రశ్న ఇదే.

పొర తయారీకి అనోడైజింగ్ (ద్రావణంలో ముంచిన రేకును ఆనోడుగా పెట్టి, కరెంటు పంపి ఆక్సైడ్ పెంచడం) కంటే చవకైన, నమ్మదగిన దారి లేదు. సోల్‌జెల్, అంటే ద్రావణం పూసి ఎండబెట్టి పొర కట్టించడం, కూడా చేయవచ్చు. కానీ దానికి వాడే టైటానియం ఐసోప్రొపాక్సైడ్ గాలిలోని తేమకే విరిగి తెల్లబడుతుంది. మార్చి, ఏప్రిల్లో ఇక్కడి పొడిగాలికి చక్కగా వస్తుంది, సెప్టెంబరులో వాన మబ్బు పట్టిన రోజు అదే ద్రావణంతో పాలరంగు పొర వస్తుంది. అనోడైజింగ్‌లో మందం వోల్టేజీ చేతిలో ఉంటుంది. అది పెద్ద సుఖం.

అల్యూమినియం అయితే 1050 లేదా 1100 గ్రేడు, అర మిల్లీమీటరు రేకు. వంటింటి ఫాయిల్ వద్దు. అందులో ఇనుము కలిసిన చిన్న చిన్న రేణువులుంటాయి, వాటి దగ్గర పొర అతకదు, అవే తర్వాత మంచు మొదలయ్యే చోట్లవుతాయి. రేకును 20 మిల్లీమీటర్ల చదరాలుగా కోసి, అంచులు నున్నగా రాసి, అసిటోన్‌లో కడిగి, 60 డిగ్రీల దగ్గర 5 శాతం కాస్టిక్ సోడాలో 30 నుంచి 60 సెకన్లు ముంచాలి. నల్లటి మసి తేలుతుంది. అది పోవడానికి 30 శాతం నైట్రిక్ ఆమ్లంలో అర నిమిషం. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి. వేడి నీళ్లతో కడగొద్దు. 80 డిగ్రీలు దాటిన నీటిలో అల్యూమినియం మీద బోమైట్ అనే రేకులు రేకులుగా పెరిగే వేరే పొర కడుతుంది. అది నీటిని పీల్చే తీరే వేరు.

రంధ్రాలు లేని పొర కావాలంటే ఆమ్లం కాదు, తటస్థ ద్రావణం కావాలి. లీటరు నీటికి 31 గ్రాముల బోరిక్ ఆసిడ్, 19 గ్రాముల బోరాక్స్. కాథోడుగా స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీయాంపియర్ల చొప్పున కరెంటు ఇస్తే వోల్టేజీ దానంతట అది ఎక్కుతుంది. అనుకున్న వోల్టేజీకి చేరగానే అక్కడ ఆపి పట్టుకుంటే కరెంటు పడిపోతూ వస్తుంది. మొదటి కరెంటులో నూరో వంతుకు వచ్చాక తీసేయాలి. మందం వోల్టుకు సుమారు 1.3 నానోమీటర్లు. ల్యాబుల్లో ఉండే 30 వోల్టుల సప్లైతో 40 నానోమీటర్ల దగ్గర పొర వస్తుంది. ఇంకా మందం కావాలంటే రెండు సప్లైలు సిరీస్‌లో కలుపుకోవాలి. అలా కలిపితే 60 వోల్టులు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. కరెంటు పడిపోదు, ఒకచోట ఆగి మళ్లీ ఎక్కుతుంది, రేకు మీద సూది మొనంత గుంటలు కనిపిస్తాయి. కారణం క్లోరైడ్. బోరు నీళ్లతో బీకరు కడిగి, చివర్లో ఒక్కసారి డిస్టిల్డ్ వాటర్ తిప్పితే చాలదు. గాజుకు అంటుకున్న ఉప్పు ద్రావణంలోకి దిగుతుంది. అనంతపురం బోరు నీటి సంగతి తెలిసిందే, కెటిల్ అడుగు చూస్తే చాలు. ద్రావణంలో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపి, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి చూస్తే తెల్లగా మసకబారిందంటే ఆ ద్రావణం పారబోయాల్సిందే. ఈ పరీక్ష ఒక చిన్న టెస్టు ట్యూబులో విడిగా చేయాలి, పెద్ద బీకరులో కాదు.

టైటానియం ఇంకా సుఖం. అదే బోరేట్ ద్రావణం చాలు. పొర మందాన్ని బట్టి రంగు వస్తుంది కాబట్టి కంటితోనే కొలవవచ్చు. 10 వోల్టుల దగ్గర బంగారు ఛాయ, 20 దగ్గర ఊదా, 30కి లేత నీలం. ఒకే రేకు మీద రంగు మచ్చలు మచ్చలుగా వస్తే జిడ్డు పోలేదని అర్థం. ఇలా వచ్చిన పొరకు స్ఫటిక రూపం ఉండదు. అనటేస్ అనే స్ఫటిక రూపం కావాలంటే మఫుల్ ఫర్నేసులో 450 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, తలుపు తీయకుండా చల్లారనివ్వాలి.

పోలికకు ఇంకో రేకు 15 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో చేసుకుంటే మంచిది. 20 డిగ్రీల దగ్గర, చదరపు డెసీమీటరుకు 1.5 యాంపియర్లు, 10 నిమిషాలు. నాలుగైదు మైక్రాన్ల మందంలో నిలువు రంధ్రాలున్న పొర వస్తుంది. ఏప్రిల్లో ఇక్కడి గదిలో ఆమ్లమే 36 డిగ్రీలుంటుంది, ఆ వేడికి పొర కట్టినదాన్ని కట్టినట్టే ఆమ్లం తినేస్తుంది, చేత్తో రాస్తే సుద్దలాగా రాలుతుంది. ట్రే చుట్టూ ఐసు పెట్టక తప్పదు.

పొర తయారైన గంటలోపల అది పాడవడం మొదలవుతుంది. పాడవడం అంటే గాలిలోని కర్బన పదార్థాలు దాని మీద చేరడం. ఫ్యాను గాలి, పక్క గదిలో టిఫిను నూనె ఆవిరి, ప్లాస్టిక్ పెట్రీ డిష్, అన్నీ కారణాలే. కొలవడానికి 2 మైక్రోలీటర్ల నీటి చుక్క పెట్టి, ఫోన్‌కు మాక్రో లెన్సు తగిలించి పక్కనుంచి ఫొటో తీసి, ఇమేజ్‌జె సాఫ్ట్‌వేరులో స్పర్శకోణం, అంటే చుక్క అంచు రేకుతో చేసే కోణం, చూడాలి. శుభ్రమైన ఆక్సైడ్ మీద చుక్క పరుచుకుపోతుంది, కోణం 10 డిగ్రీల లోపు ఉంటుంది. రాత్రంతా బయట పెట్టిన రేకు మీద అదే చుక్క గుండ్రంగా నిలబడుతుంది. పోగొట్టడానికి 254 నానోమీటర్ల అతినీలలోహిత ట్యూబు కింద అరగంట ఉంచాలి. ఆ వెలుతురు కంటికి, చర్మానికి చేటు, పెట్టె మూత వేయకుండా వెలిగించకూడదు. టైటానియం డయాక్సైడుకు ఎండ చాలు. అతినీలలోహిత కాంతి పడితే దాని మీద నీరు పూర్తిగా పరుచుకుంటుందని జపాన్ శాస్త్రవేత్త ఫుజిషిమా బృందం 1997లో చూపించింది. మన ఎండకు కొదవ లేదు కదా. రేకును గాజు డిష్‌లో పెట్టి మిద్దె మీద మధ్యాహ్నం ఉంచినా పని జరుగుతుంది. మూత మాత్రం తీయకూడదు. అతినీలలోహితంలో కొంత మామూలు గాజు గుండా వస్తుంది, మిద్దె మీది దుమ్ము రాదు. కొలత తీసే ముందు ఏ రేకుకైనా స్పర్శకోణం రాసుకోవాలి. ఆ అంకె లేని రీడింగును మేం లెక్కలోకి తీసుకోము.

ఇప్పుడు అధిశోషణం. ఒక్క నీటి పొర బరువు చదరపు సెంటీమీటరుకు 30 నానోగ్రాములు. చదరపు సెంటీమీటరు మీద వెయ్యి లక్షల కోట్ల అణువులు పడతాయి, ఆ లెక్కన వచ్చిన బరువిది. ఏ కెమిస్ట్రీ బ్యాలెన్సూ దీన్ని తూచలేదు. క్వార్ట్‌జ్ స్ఫటికం తూచగలదు, ఎందుకంటే మీద బరువు చేరితే అది కంపించే వేగం తగ్గుతుంది. గుంటర్ సావర్‌బ్రే 1959లో ఇచ్చిన సంబంధం ప్రకారం 6 మెగాహెర్ట్‌జ్ స్ఫటికం ఒక ముఖం మీద చదరపు సెంటీమీటరుకు 12.3 నానోగ్రాములు చేరితే ఫ్రీక్వెన్సీ 1 హెర్ట్‌జ్ తగ్గుతుంది. అంటే ఒక్క పొర నీటికి రెండున్నర హెర్ట్‌జ్, రెండు ముఖాలూ లెక్కిస్తే 5 హెర్ట్‌జ్ దాకా.

ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే హెచ్‌సీ-49 రకం 6 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ చాలు. రేకు డబ్బా మూతను అడుగు అంచు చుట్టూ చిన్న ఆకురాయితో రాసి మెల్లగా ఊడదీయాలి. కట్టరుతో నొక్కితే లోపలి పలక పగులుతుంది. పలకకు రెండు వైపులా లోహపు ఎలక్ట్రోడ్లుంటాయి. ల్యాబులో వాక్యూమ్ కోటింగ్ యూనిట్ ఉంటే వాటి మీద 30 నానోమీటర్ల అల్యూమినియం పూయాలి. అంచుల్లో రెండు ఎలక్ట్రోడ్లూ కలిసిపోకుండా గుండ్రటి రంధ్రమున్న మాస్కు పెట్టాలి. బయటికి తీసి గాలి తగిలించగానే పైన రెండు మూడు నానోమీటర్ల ఆక్సైడ్ దానంతట అదే కడుతుంది. పలుచటి ఆక్సైడ్ అంటే అసలు ఇదీ. మూత తీయని ఇంకో క్రిస్టల్‌ను పక్కనే, అదే డబ్బాలో, అదే రకం ఆసిలేటర్‌తో నడపాలి. ఉష్ణోగ్రత మారితే రెండూ జరుగుతాయి, తేమకు మూత తీసినదొక్కటే జరుగుతుంది. రెండింటి తేడానే రాసుకోవాలి. మూత ఉన్న క్రిస్టల్ లేకుండా తీసిన రీడింగులు ఇక్కడ థర్మామీటరు రీడింగులే. పొద్దున 28 డిగ్రీలున్న గది మధ్యాహ్నానికి 38కి పోతుంది.

తేమకు ఉప్పుల సంతృప్త ద్రావణాలు. లిథియం క్లోరైడ్ 11 శాతం, మెగ్నీషియం క్లోరైడ్ 33, పొటాషియం కార్బొనేట్ 43, సోడియం క్లోరైడ్ 75, పొటాషియం క్లోరైడ్ 84. జామ్ సీసాలో అడుగున తడి ఉప్పు ముద్ద ఉండాలి. పూర్తిగా కరిగిపోయి తేట నీరుగా ఉంటే సంతృప్తం కాదు, ఇంకా ఉప్పు వేయాలి. వీటిలో లిథియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్, సోడియం క్లోరైడ్ మన వేడికి బాగా నిలబడతాయి. 20 నుంచి 40 డిగ్రీల మధ్య వాటి తేమ ఒకటి రెండు శాతం కూడా మారదు. అసలు చిక్కు ద్రావణం ఒక వేడిలో, క్రిస్టల్ ఇంకో వేడిలో ఉండటం. ఒక్క డిగ్రీ తేడాకు ఆవిరి పీడనం 6 శాతం మారుతుంది. ఆసిలేటర్ ఐసీ వేడికి క్రిస్టల్ ఒక డిగ్రీ ఎక్కువుంటే 75 శాతం అనుకున్నది దాని దగ్గర 71 మాత్రమే. అందుకే ఐసీని సీసా బయట పెట్టి, క్రిస్టల్‌కు రెండు పొట్టి తీగలు మాత్రమే లోపలికి పంపాలి. సీసాను థర్మోకోల్ పెట్టెలో ఉంచాలి. ఉప్పు మార్చిన ప్రతిసారీ 40 నిమిషాల నుంచి గంట ఆగాలి.

రంధ్రాలు లేని పొర మీద 11 నుంచి 75 శాతానికి వెళ్లేసరికి కదలిక పది, పదిహేను హెర్ట్‌జ్ దగ్గర ఉండాలి, అంటే రెండు మూడు పొరలు. వంద హెర్ట్‌జ్ చూపిస్తే సంబరపడొద్దు. అది వేలిముద్ర, లేదా సీసా కదిలినప్పుడు చిందిన ఉప్పు చుక్క. ఉప్పు తన సంతృప్త తేమ దాటగానే తనంతట తాను నీటిని లాగి కరుగుతుంది, ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా జారిపోతుంది. తేమ పెంచుతూ తీసిన గీత, తగ్గిస్తూ తీసిన గీత కలవకపోతే రెండు కారణాలు. ఒకటి తొందర, రెండోది రంధ్రాలు. 10 నానోమీటర్ల వ్యాసమున్న రంధ్రం కెల్విన్ సూత్రం ప్రకారం 81 శాతం తేమకే నీటితో నిండిపోతుంది, గదిలో ఎక్కడా చెమ్మ పట్టకముందే. ఆ నీరు మళ్లీ ఖాళీ కావాలంటే తేమ ఇంకా కిందికి దిగాలి. అదే రంధ్రంలో మంచు కడితే అది సున్నా దగ్గర కాదు, మైనస్ 11 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం రేకును పోలికకు పెట్టుకోమన్నది ఇందుకే.

మంచు భాగానికి వద్దాం. టీఈసీ1-12706 పెల్టియర్ పలకలు (కరెంటు పంపితే ఒక ముఖం చల్లబడి, రెండో ముఖం వేడెక్కేవి) రెండు. కొలత 40 మిల్లీమీటర్ల చదరం, 12 వోల్టులు, 6 యాంపియర్లు. పెట్టె మీద రెండు ముఖాల మధ్య 66 డిగ్రీల తేడా అని ఉంటుంది. అది ఏ భారం లేనప్పటి మాట. పనిలో 45 నుంచి 50 వస్తే గొప్ప. కంప్యూటర్ ఫ్యాను, హీట్ సింకు పెట్టి మే నెలలో నడిపితే వేడి ముఖం 55 డిగ్రీలకు పోతుంది, చల్లని ముఖం సున్నా చేరడానికే ఆపసోపాలు పడుతుంది. యూట్యూబులో మైనస్ 20 చూపించే వీడియోలన్నీ చల్లటి గదుల్లో తీసినవి.

ఇక్కడ దారి ఐసు నీళ్లే. అల్యూమినియం వాటర్ బ్లాకు, ఎయిర్ కూలర్‌లో వాడే 18 వాట్ల చిన్న నీటి మోటారు, థర్మోకోల్ పెట్టెలో 5 కిలోల ఐసు, కొన్ని నీళ్లు. కింది పలకకు 12 వోల్టులు, దాని మీది పలకకు 5 వోల్టులు. రెండింటికీ 12 ఇస్తే పై పలక వదిలే వేడిని కింది పలక మోయలేదు, చల్లదనం తగ్గుతుంది. మొత్తం 80 నుంచి 100 వాట్ల వేడి నీళ్లలోకి పోతుంది. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి కాబట్టి 100 వాట్లకు కిలో ఐసు 55 నిమిషాలు ఆగుతుంది. బయటి వేడి కూడా కలుపుకుంటే 5 కిలోలు మూడు, మూడున్నర గంటలు. ఈ అమరికతో మైనస్ 30 దాటవచ్చు. వోల్టేజీ మార్చడానికి బక్ కన్వర్టర్ (వోల్టేజీని కావలసినంతకు తగ్గించే బోర్డు) వాడాలి. రిలేతో ఆపి వేసే థర్మోస్టాట్ పెడితే పలక మీద ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగుతుంది. కరెంటు పోతే ఇంకో ప్రమాదముంది, వేడి వెనక్కి వచ్చి చుక్కలన్నీ నిమిషంలో కరిగిపోతాయి. ఇన్వర్టర్ లైను మీద పెట్టుకోవాలి.

ఉష్ణోగ్రత కొలవడానికి మ్యాక్స్6675 బోర్డు కొనొద్దు. బజార్లో ఎక్కువ అదే చూపిస్తారు. అది సున్నాకు కింద చదవదు. మ్యాక్స్31855 మైనస్ చదువుతుంది. వీలైతే పీటీ100 సెన్సరు, మ్యాక్స్31865 బోర్డు ఇంకా నయం. 3 మిల్లీమీటర్ల రాగి పలకలో పక్కనుంచి రంధ్రం వేసి, థర్మల్ పేస్టుతో సెన్సరును రేకుకు సరిగ్గా కిందికి దూర్చాలి. సరిచూడటానికి ఐసు కరిగే సున్నా ఒక్కటి చాలదు. కెమిస్ట్రీ వాళ్ల దగ్గర డోడెకేన్ అనే హైడ్రోకార్బన్ ద్రవం ఉంటే ఒక చుక్క రేకు మీద పెట్టి గడ్డకట్టించి, మెల్లగా వేడి చేస్తూ చూడాలి. మైనస్ 9.6 దగ్గర కరగాలి. గడ్డకట్టే అంకె కాదు, కరిగే అంకె చూడాలి. గడ్డకట్టడం ఎప్పుడూ ఆలస్యమవుతుంది.

నీళ్ల విషయంలో మేం చాలా రకాలు వాడాం. బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటరులో లవణాలు ఉండవు గానీ నలక ఉంటుంది. ల్యాబు స్టిల్లు నీరు ప్లాస్టిక్ క్యానులో వారం నిలవుంటే బ్యాక్టీరియా చేరుతుంది. సూడోమోనాస్ సిరింజే లాంటి కొన్ని బ్యాక్టీరియాలు మైనస్ 2, మైనస్ 5 డిగ్రీల మధ్యే మంచు కట్టించగలవు. మెడికల్ షాపులో ఇంజెక్షన్లు కలపడానికి అమ్మే స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ అన్నిటికంటే నమ్మదగినది. ప్లాస్టిక్ ఆంప్యూల్ తీసుకోవాలి. గాజుదైతే మెడ విరిచినప్పుడు గాజు పొడి లోపల పడుతుంది. దాన్ని 0.2 మైక్రాన్ల సిరింజి ఫిల్టరు గుండా పంపి, మొదటి అర మిల్లీలీటరు పారబోసి, తర్వాతిది వాడాలి.

చుక్క ఒక మైక్రోలీటరు. చుక్కకు చుక్కకు కనీసం 5 మిల్లీమీటర్ల ఎడం. దీనికి కారణముంది. మైనస్ 10 దగ్గర గడ్డకట్టని నీటి మీది ఆవిరి పీడనం మంచు మీది దానికంటే 10 శాతం ఎక్కువ, మైనస్ 20 దగ్గర 21 శాతం ఎక్కువ. ఒక చుక్క గడ్డకట్టగానే పక్క చుక్కల నుంచి ఆవిరి లాగుతుంది, మంచు వంతెనలా సాగి పక్క చుక్కను తాకి దాన్నీ గడ్డకట్టిస్తుంది. అప్పుడు పది చుక్కలు గడ్డకట్టినా లెక్కకు వచ్చేది ఒక్కటే. వీడియోలో చుక్కలు వరసగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తెల్లబడుతుంటే ఇదే జరుగుతోంది. ఆపడానికి చుక్కలు పెట్టాక వాటి మీద లిక్విడ్ పారఫిన్ పోయాలి. ముందు నూనె పోసి తర్వాత చుక్క వేస్తే నీరు ఆక్సైడును తాకదు, నూనె పొర మీద కూర్చుంటుంది.

గాలి తేమను మంచుగా చూడాలనుకుంటే నూనె పనికిరాదు. అప్పుడు పైన యాక్రిలిక్ పెట్టె పెట్టి, లోపల సిలికా జెల్ ఉంచి, ఎండిన గాలి పంపాలి. అనంతపురం గాలి పొడిగాలి అనుకుంటాం గానీ ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్నా డ్యూ పాయింట్ (గాలిలోని తేమ చెమ్మగా మారే ఉష్ణోగ్రత) 8 డిగ్రీల దగ్గరుంటుంది. సున్నా చేరకముందే రేకు మీద చెమ్మ పడుతుంది, ఆ చెమ్మే తర్వాత గడ్డకడుతుంది. ఆవిరి నేరుగా మంచు కావడం చూశామని రాయాలంటే పెట్టెలో డ్యూ పాయింట్ సున్నాకు బాగా కింద ఉందని సెన్సరు రీడింగు చూపించాలి. సెప్టెంబరులో డ్యూ పాయింట్ 22 దాటుతుంది, సిలికా జెల్ నీలం రంగు ఒక్క రన్నుకే గులాబీ అవుతుంది.

చల్లబరచడం నిమిషానికి ఒక డిగ్రీ. పైనుంచి ఫోన్ వీడియో, ఫ్రేములో ఉష్ణోగ్రత డిస్‌ప్లే కూడా కనపడాలి. శుభ్రమైన ఆక్సైడ్ మీద చుక్క పల్చగా పరుచుకుంటుంది కాబట్టి గడ్డకట్టింది లేనిది పైనుంచి తెలియదు. పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేస్తే మెరుపు పోయి మసకబారడం కనిపిస్తుంది. ఈ పరుచుకోవడం వల్లే పెద్ద తప్పు లెక్క వస్తుంది. పరుచుకున్న చుక్క ఎక్కువ వైశాల్యాన్ని తాకుతుంది, అందులో మంచు మొదలయ్యే చోటు ఉండే అవకాశం ఎక్కువ, అందుకే ముందే గడ్డకడుతుంది. జిడ్డు రేకు మీద చుక్క గుండ్రంగా ఉండి ఆలస్యంగా గడ్డకడితే అది జిడ్డు గుణమని రాసేస్తారు. వీడియో నుంచి ప్రతి చుక్క తాకిన వైశాల్యం కొలిచి, గడ్డకట్టని చుక్కల వంతుకు లాగరిథం తీసి, ఆ వైశాల్యంతో భాగించాలి. ఒక్కో రకం పొరకు కనీసం 40 చుక్కలు లేకుండా సగటు రాయడం అనవసరం.

శుభ్రమైన నీరు నీటి అణువుల కుదుపుకే గడ్డకట్టాలంటే మైనస్ 38 దాకా ఆగాలి. అంత దూరం మన చుక్కలేవీ పోవు. మైక్రోలీటరు చుక్కలు శుభ్రమైన గాజు మీద కూడా మైనస్ 20 నుంచి 27 మధ్య గడ్డకడతాయి. మన ఆక్సైడ్ రేకు మీది అంకెను ఈ గాజు అంకె పక్కన పెట్టి చూడాలి. తేడా ఒకటి రెండు డిగ్రీలుంటే ఆక్సైడ్ ఏమీ చేయలేదనే రాయాలి.

రిపోర్టుల్లో తరచుగా కనిపించే వివరణ స్ఫటిక జాలకాలు, అంటే అణువులు వరసగా కూర్చునే అమరికల ఎడాలు, సరిపోలడం. మంచు జాలకం 4.52 ఆంగ్‌స్ట్రాములు, సిల్వర్ అయొడైడ్ 4.59, అందుకే అది మంచు కట్టిస్తుందని 1946లో అమెరికా శాస్త్రవేత్త వానెగట్ దాన్ని ఎంచుకున్నాడు. జిల్లాలో మేఘమథనం రోజుల్లో దాని పేరు అందరి నోటా నలిగింది. అల్ఫా అల్యూమినా 4.76, కాబట్టి అది కూడా పర్వాలేదని విద్యార్థులు రాస్తారు. మన అనోడిక్ పొరకు అసలు జాలకమే లేదు, అది రూపరహితం. అక్కడ ఈ మాట చెల్లదు. స్ఫటికమైనా సరే, మొదటి పొర నీటిని ఆక్సైడ్ మరీ గట్టిగా పట్టుకుంటే ఆ అణువులు మంచు అమరికలోకి తిరగలేవు. మైనస్ 20 దగ్గర మంచు బీజం నిలదొక్కుకోవాలంటే దాని వ్యాసార్ధం రెండు మూడు నానోమీటర్లుండాలి. 40 నానోమీటర్ల పొరలో అంత చోటును ఇచ్చేది గీత, పగులు, రేణువు. అందుకే 10, 20, 30 వోల్టుల పొరల మధ్య తేడా కోసం వెతకడం కంటే ఒకే వోల్టేజీలో నునుపు రేకు, గీతలు పెట్టిన రేకు పోల్చడం ఎక్కువ ఫలితమిస్తుంది.

మంచు ఆక్సైడు నుంచి మొదలైందా, నీటిలోంచి మొదలైందా అని తేల్చడానికి మేం నమ్మేది ఒకటే పరీక్ష. అవే చుక్కలను కరిగించి మళ్లీ గడ్డకట్టించాలి, ఐదారుసార్లు. ప్రతిసారీ అదే చుక్క మొదట గడ్డకడితే కారణం ఆ చుక్కలోనో ఆ చోటులోనో ఉంది. అప్పుడు నూనె తీసి, రేకు కదపకుండా చుక్కలు పీల్చేసి, అవే చోట్ల కొత్త నీరు పెట్టాలి. మళ్లీ ఆ చోటే ముందుంటే అది రేకుది. ముందు వరుస మారిపోతే అది నీటిలోని నలకది. సగం చుక్కలు అలా, సగం ఇలా వస్తే దుమ్ము రేకు మీద పడింది.

దుమ్ము ఎలా ఉంటుందో తెలియడానికి ఒక రేకును కావాలనే పాడు చేసి పెట్టుకోవాలి. ఇక్కడి గ్రానైట్‌లో గులాబీ రంగుగా కనిపించే పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఖనిజాల దుమ్ములో అన్నిటికంటే బాగా మంచు కట్టిస్తుందని 2013లో లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. క్వారీ దగ్గరి గులాబీ ముక్కను నూరి, చిటికెడు పొడి 10 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, అడుగుకు దిగనిచ్చి, పై మసక నీటితో చుక్కలు పెడితే మైనస్ 10 చుట్టుపక్కలే చాలా భాగం గడ్డకడతాయి. ఆ గీతను గ్రాఫులో పక్కన గీసి ఉంచుకోవాలి. శుభ్రమైన ఆక్సైడ్ అనుకున్న రేకులో నాలుగైదు చుక్కలు ఆ గీత వైపు జరిగి ఉంటే కిటికీ తెరిచి ఉన్నప్పుడు చుక్కలు పెట్టారన్నమాట. ఆ రన్ను లెక్కలోంచి తీసేసి, రేకును మళ్లీ అతినీలలోహిత పెట్టెలో పెట్టి, మొదటి నుంచి చేయాలి.